ఏ వంటకు ఏ గిన్నె? పాత్రల్లోని రసాయన బంధాలను చూసి ఎంచుకుందాం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఏ పాత్రల అంగడికి పోయినా ఒకే కొలత గిన్నె ఐదారు రకాల్లో దొరుకుతుంది. సత్తు (అంటే అల్యూమినియం), స్టీలు, ఇత్తడి, రాగి, ఇనుము, నాన్‌స్టిక్. అవి చాలవన్నట్టు పలమనేరు వైపు నుంచి వచ్చే మట్టిచట్లు వేరే. కొత్త కాపురం పెట్టేవాళ్లయినా, పాత గిన్నెలు మార్చేవాళ్లయినా అంగట్లో అడిగే మాట ఒకటే: "వీటిలో ఏది మంచిది?" ఆ ప్రశ్నకు అంగడాయన చెప్పే జవాబు ఆ రోజు ఆయన దగ్గర ఏ సరుకు ఎక్కువుందో దాన్నిబట్టి ఉంటుంది. సెల్‌ఫోన్‌లో వచ్చే వీడియోలు ఒకరోజు సత్తును విషమంటాయి, ఇంకోరోజు రాగిని అమృతమంటాయి.

సంగటికి బాగా పనికొచ్చే గిన్నె చింతపండు పులుసుకు పనికిరాకపోవచ్చు. పులుసుకు బాగుండే గిన్నెలో దోస రాకపోవచ్చు. ఎందుకనేది పదో తరగతి రసాయనశాస్త్రంలోనే ఉంది. రసాయన బంధాల పాఠాన్ని మనం పరీక్షకు చదివి వదిలేశాం గానీ, ఇంట్లో దానికి అన్నింటికన్నా ఎక్కువ పని పడేది వంటగదిలోనే. పాత్ర చేతికి తీసుకున్నప్పుడు రెండు సంగతులు చూడాలి. మొదటిది, ఆ గిన్నె ఒళ్లంతా ఏ బంధంతో కట్టి ఉంది? రెండోది, కూరాకును తాకే పైపొర ఏ బంధంతో కట్టి ఉంది? వేడి ఎట్లా పాకుతుంది, కింద పడితే సొట్టపడుతుందా పగులుతుందా అనేవి మొదటిది చెబుతుంది. పులుపుకూ ఉప్పుకూ తట్టుకుంటుందా లేదా అన్నది రెండోది చెబుతుంది. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇంత గందరగోళం.

వేడి సంగతి

లోహంలో ప్రతి పరమాణువూ తన బయటి ఎలక్ట్రాన్లను వదిలేస్తుంది. అవి ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా లోహమంతా తిరుగుతుంటాయి. వాటి మధ్య, ఎలక్ట్రాన్లు పోవడంతో ధనావేశం మిగిలిన పరమాణువులు, అంటే అయాన్లు, వరుసలు తీరి ఉంటాయి. లోహ బంధమంటే ఇదే. కరెంటును మోసేదీ, వేడిని ఎక్కువగా మోసేదీ ఈ తిరిగే ఎలక్ట్రాన్లే. సుత్తితో కొడితే అయాన్ల వరుసలు ఒకదాని మీద ఒకటి జారతాయి, ఎలక్ట్రాన్లు మాత్రం వాటిని వదలవు. అందుకే ఇత్తడి బిందె సొట్టపడుతుంది గానీ ముక్కలు కాదు.

వేడిని మోసే శక్తిని వాట్/మీటర్-కెల్విన్ లెక్కలో (అంకె పెద్దదైతే వేడి తొందరగా పాకుతుంది) చూస్తే రాగికి సుమారు 400, అల్యూమినియానికి 237, ఇత్తడికి 110–120, పోత ఇనుముకు 50 దరిదాపు, స్టెయిన్‌లెస్ స్టీలుకు కేవలం 15, కాల్చిన మట్టికి 1 చుట్టూ ఉంటుంది. ఈ వరుసలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది స్టీలు. అందులో ఎక్కువ భాగం ఇనుమే. స్వచ్ఛమైన ఇనుముకు 80 ఉంటుంది. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలపగానే 15కు పడిపోతుంది. ఒకే రకం అయాన్లు క్రమంగా నిలబడి ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు సాఫీగా పోతాయి. పరిమాణం వేరు, ఆవేశం వేరు అయిన పరమాణువులు మధ్య మధ్య వచ్చి కూర్చుంటే ఎలక్ట్రాన్లు అడుగడుగునా దారి తప్పుతాయి. ఇత్తడిలోనూ ఇదే కథ. రాగీ జింకూ రెండూ వేడిని బాగా మోసేవే, అయినా రెండూ కలిశాక రాగికున్న శక్తిలో మూడోవంతు కూడా మిగలదు. మిశ్రలోహంగా మారడం వల్ల గట్టితనం వస్తుంది, వేడి మోయడం తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి కొంత వదులుకోవాల్సిందే.

దీన్ని రాగి సంగటికి అన్వయించి చూడండి. రసమో సాంబారో అయితే కింద కాగిన నీళ్లు పైకి లేచి, పైన చల్లవి కిందికి దిగి, వేడి దానంతటదే గిన్నెంతా పంచుకుంటుంది. సంగటి అట్లా కదలదు. పిండి పడ్డాక అది ముద్ద, కట్టెతో కెలికితే తప్ప చోటు మారదు. కాబట్టి మంట తగిలిన చోటి నుంచి వేడిని చుట్టూ పరిచే పని గిన్నె అడుగే చేయాలి. పలచటి స్టీలు గిన్నెకు అది చేతకాదు. మంట తగిలినంత మేర మాడిపోతుంది, పక్కన పిండి పచ్చిగానే ఉంటుంది. నా సలహా సూటిగా చెబుతున్నా: సంగటికి మందపాటి సత్తు గిన్నె గానీ ఇనప గిన్నె గానీ తీసుకోండి. రాగిపిండిలో చెప్పుకోదగ్గ పులుపు లేదు కాబట్టి సత్తుకు ఇక్కడ ఇబ్బంది లేదు. స్టీలే కావాలంటే అడుగులో అల్యూమినియం పలక పొదిగినది చూడండి. దాన్ని అంగళ్లలో శాండ్‌విచ్ బాటమ్ అంటారు. అల్యూమినియం వేడిని పరుస్తుంది, స్టీలు కూరాకును తాకుతుంది. రెండు లోహాల మంచినీ ఒకచోట చేర్చిన తయారీ అది. పాయసం, పాలకోవా, హల్వా లాంటి చిక్కటి వాటన్నింటికీ ఇదే మాట.

మట్టిచట్టికి ఎలక్ట్రాన్ల సాయం లేదు. అందులో సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువులు గట్టి బంధాలతో వలలాగా అల్లుకుని ఉంటాయి. ఆ బంధాలు సగం సమయోజనీయం (ఎలక్ట్రాన్లను పంచుకునేవి), సగం అయానికం (వ్యతిరేక ఆవేశాల ఆకర్షణతో ఏర్పడేవి). ఎలక్ట్రాన్లు ఎక్కడివక్కడ కట్టుబడి ఉంటాయి. వేడి పరమాణువుల కంపనంగా మాత్రమే మెల్లగా పాకుతుంది. అందుకే చట్టి కాగడానికి చాలాసేపు పడుతుంది, దించాక కూడా కొంతసేపు పులుసు కుతకుతమంటూనే ఉంటుంది. చేపల పులుసు, నాటుకోడి పులుసు చట్టిలో బాగుంటాయనడానికి ఈ నెమ్మది ఒక కారణం. అయితే అదే వల పగులుడికీ కారణం. వరుసలు జారడానికి వీల్లేదు, జరిగితే బంధం తెగాల్సిందే. కాగిన చట్టిలో చన్నీళ్లు పోస్తే లోపలి వైపు ముడుచుకుంటుంది, బయటి వైపు ముడుచుకోదు, మధ్యలో చీలుతుంది. కాబట్టి చట్టిని ఎప్పుడూ సన్న మంట మీద మొదలుపెట్టండి, దించి చల్లటి బండ మీద పెట్టకండి.

కూరాకును తాకేది లోహం కాదు

మనం స్టీలు గిన్నెలో వండుతున్నాం అనుకుంటాం గానీ కూరాకుకు ఆ లోహం తగలనే తగలదు. గాలి తగిలితే బంగారం లాంటివి తప్ప దాదాపు ప్రతి లోహం మీదా ఆక్సైడ్ పొర, అంటే ఆక్సిజన్‌తో కలిసిన లోహపు పొర, పెరుగుతుంది. అందులో ఉన్నది లోహ బంధం కాదు, ఎక్కువ భాగం అయానిక బంధం. అల్యూమినియం మీదా స్టీలు మీదా ఆ పొర మందం కొన్ని నానోమీటర్లే. నానోమీటరంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఇంత పలచటి పొరే గిన్నె బతుకును నిర్ణయిస్తుంది. ఇనుము, అల్యూమినియం, స్టీలు మూడింటికీ ఇక్కడే తేడా వస్తుంది.

ఇనుము మీద తడి తగిలితే ఏర్పడేది తుప్పు. అది కింది ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పొరలు పొరలుగా లేచిపోతుంది. లేచినచోట కొత్త ఇనుము బయటపడి మళ్లీ తుప్పు పడుతుంది. దీనికి కాపలా మనమే పెట్టాలి, ఆ సంగతి దోస పెనం దగ్గర చెప్తాను.

అల్యూమినియం ఆక్సైడ్ కింది లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటుంది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగితే, దాని ఆక్సైడ్ 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అయానిక బంధం బలం అంతటిది. అయినా వేడికి లొంగని ఆ పొర పులుపుకు లొంగుతుంది. ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం అల్యూమినియం అయాన్లను తనతో కట్టుకుని నీళ్లలోకి లాక్కుపోతుంది. పొర పోయినచోట కింది లోహం కూడా కరుగుతుంది. అందుకే పులుసు, రసం, టమాటా పచ్చడి, మజ్జిగ పులుసు వండడానికీ, రాత్రంతా నిల్వ ఉంచడానికీ మామూలు సత్తు గిన్నె వద్దు. చాకలి సోడాతో దాన్ని తోమొద్దు. బోరు నీళ్లు కాచినప్పుడు లోపల నల్లబడటానికీ ఈ పొరలో జరిగే మార్పే కారణం.

సత్తు గిన్నెలో వండితే మతిమరుపు జబ్బు వస్తుందనే ప్రచారానికి రుజువు లేదు. అన్నం వండుకోవడానికీ, పాలు కాచుకోవడానికీ భయపడనక్కర్లేదు. మూత్రపిండాల జబ్బున్నవాళ్లలో మాత్రం ఒంట్లో చేరిన అల్యూమినియం సరిగా బయటికి పోదు, వాళ్లున్న ఇంట్లో వాడకపోవడమే మేలు. హార్డ్ యానోడైజ్డ్ అని అమ్మే నల్లటి గిన్నెల్లో ఇదే ఆక్సైడ్ పొరను కరెంటుతో వేలరెట్లు మందంగా పెంచుతారు. మామూలు సత్తుకన్నా పులుపుకు బాగా ఓర్చుకుంటాయి.

ఇక స్టీలు. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో లోహ శాస్త్రవేత్త హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన ఉక్కు పులుపుకు చెక్కుచెదరకపోవడం గమనించాడు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటే ఇనుముకన్నా ముందు క్రోమియమే ఆక్సిజన్‌ను పట్టుకుని ఉపరితలమంతా అతుకు లేని పొర పరుస్తుంది. గీత పడితే గాలి తగిలి మళ్లీ పూడుకుంటుంది. చింతపండు దీన్ని ఏమీ చేయలేదు. రోజువారీ పులుసుకు, రసానికి, సాంబారుకు స్టీలును మించింది లేదు.

కానీ ఉప్పు దీనికి పడదు. ఉప్పు నీళ్లలో కరిగితే క్లోరైడ్ అయాన్లు విడివడతాయి. అవి క్రోమియం పొరలో బలహీనమైన చోటు చూసి దూరి, సూదిమొనంత గుంటలు తొలుస్తాయి. కొత్త గిన్నె అడుగున తెల్లటి చుక్కలు పడ్డాయని బాధపడేవాళ్లు ఎందరో. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి కలపకుండా వదిలేస్తే అది అడుగున కూర్చుని ఆ పని చేస్తుంది. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలపండి, చాలు. ఊరగాయ స్టీలు డబ్బాలో నెలల తరబడి పెట్టకండి. ఉప్పూ పులుపూ కలిసి ఉండే ఆవకాయకు గాజు గానీ పింగాణీ జాడీ గానీ కావాలి. ఆ గట్టి వలలో కరిగిపోయే అయాన్లు దాదాపు ఉండవు.

ఇత్తడి, రాగి గిన్నెలు అందంగా ఉంటాయి, వేడినీ బాగా మోస్తాయి. అయితే గాలీ పులుపూ కలిస్తే రాగి అయాన్లు కూరాకులోకి దిగుతాయి, ఆకుపచ్చటి చిలుం పడుతుంది. దానికి మన పెద్దవాళ్లు కనిపెట్టుకున్న విరుగుడు కళాయి. తగరం పూత వంటలోని ఆమ్లాలకు తొందరగా కరగదు. తగరంలో లోహ బంధం బలహీనం, 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే దాన్ని గిన్నెలో సులువుగా పూయగలుగుతున్నారు. అందుకే ఖాళీ గిన్నెను పెద్ద మంట మీద మరిచిపోతే కళాయి కరిగి కారిపోతుంది కూడా. మీ ఊర్లో కళాయి వేసేవాళ్లు అందుబాటులో ఉంటేనే వంటకు ఇత్తడి తీసుకోండి. లేకపోతే దేవుడి సామాన్లకూ అలంకారానికీ సరిపెట్టుకోండి. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

దోసకు: ఇనప పెనమా, నాన్‌స్టిక్కా?

నాన్‌స్టిక్ మీది పూత పేరు పాలీటెట్రాఫ్లోరోఎథిలీన్. 1938లో అమెరికాలో రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ వేరే ప్రయోగం చేస్తుండగా బయటపడింది. కార్బన్-ఫ్లోరిన్ బంధం సేంద్రియ రసాయనాల్లోకెల్లా గట్టి బంధాల్లో ఒకటి. అంత గట్టిగా పట్టుకున్న ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లు బయటివాటితో చేయి కలపవు. అందుకే పిండిగానీ నూనెగానీ దానికి అంటుకోదు. ఈ పూత అణువులు పొడవాటి గొలుసులు. ఇందులో చూడాల్సిన విశేషం ఇది: ఒక్కో గొలుసు లోపల బంధం మహాబలం, గొలుసుకూ గొలుసుకూ మధ్య ఆకర్షణ మాత్రం అతి తక్కువ. అందుకే రసాయనాలకు చెక్కుచెదరని పూత స్టీలు గరిటెకు గీసుకుపోతుంది. 260 డిగ్రీలు దాటితే చెడటం మొదలవుతుంది, ఇంకా కాగితే హానికరమైన పొగలొస్తాయి. ఖాళీ పెనాన్ని గ్యాసు మీద పెద్ద మంటలో ఉంచితే కొన్ని నిమిషాల్లోనే ఆ వేడి వస్తుంది.

ఇనప పెనం మీద అంటకుండా ఉండే పొరను మనమే తయారుచేస్తాం. నూనె రాసి కాచినప్పుడు అందులోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఆక్సిజన్‌తో కలిసి ఒకదానికొకటి సమయోజనీయ బంధాలతో అతుక్కుంటాయి. కారిపోయే నూనె కరగని వలగా మారుతుంది. పెనం పదునెక్కిందంటారే, అదే ఇది. ఆ వల తడిని ఇనుముకు తగలనివ్వదు, కాబట్టి తుప్పు పట్టదు. గట్టిగా రుద్ది తోమినా, దాని మీద పులుసు వండినా వల పోతుంది.

నాకైతే దోసకు ఇనప పెనమే. దోసకు కావలసిన పెద్ద వేడి దానికి లెక్కలోది కాదు, పొర పోయినా మళ్లీ నూనె రాసి కాచుకోవచ్చు. నాన్‌స్టిక్ పూత పోతే పెనం పారేయాల్సిందే. కోడిగుడ్డు అట్టుకు, నూనె తగ్గించుకోవాల్సినవాళ్ల వంటకు నాన్‌స్టిక్ బాగా పనికొస్తుంది, సన్న మంట మీద, కొయ్య గరిటెతో. అద్దెకుండే పిల్లకాయలు ఒకే పెనంతో సర్దుకోవాలంటే ఇనపది కొనుక్కోమంటాను.

తాగే నీళ్లకు

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు కుండను మించింది లేదు. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అవి అణువు లోపలి బంధాలకన్నా చాలా బలహీనం, అయినా లెక్కలేనన్ని. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా బయటికి ఊరిన నీరు ఆవిరి కావాలంటే అవన్నీ తెగాలి. ఆ శక్తిని లోపలి నీళ్ల నుంచే లాగుతుంది. 10 లీటర్ల కుండలో 100 మిల్లీలీటర్లు ఆవిరైతే మిగతా నీళ్లు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి లోపలికి వస్తుంటుంది కాబట్టి అంతా దక్కదు, అయినా తేడా గొంతుకు తెలుస్తుంది. ఈశాన్య రుతుపవనాలొచ్చే అక్టోబరు, నవంబరు తేమలో ఆవిరి కావడం బాగా తగ్గిపోతుంది, అప్పుడు కుండ వల్ల పెద్దగా లాభం లేదు. రంగు పూసిన కుండ కొనకండి. రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది.

బాగా కాలిన కుండను వేలి కణుపుతో తట్టితే ఖంగుమంటుంది. సుమారు 600 డిగ్రీలు దాటి కాలితే మట్టిలోని నీరు బంధాల స్థాయిలోనే బయటికి పోయి వల కొత్తగా అల్లుకుంటుంది, మళ్లీ బురద కాదు. బొదబొదమనే కుండ సరిగా కాలలేదన్నమాట. వంటకు తెచ్చే చట్టి లోపల తళతళలాడే రంగు గాజుపూత ఉంటే వదిలేయండి. అటువంటి కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపుకు కరుగుతుంది.

రాగి బిందెలో రాత్రి పోసిన నీళ్లలోకి కొద్దిగా రాగి అయాన్లు దిగుతాయి, అవి సూక్ష్మజీవులను చంపుతాయి. ఇంతవరకు నిజమే. నిమ్మరసం, మజ్జిగ మాత్రం అందులో పోయకూడదు. తాగే నీళ్లలో రాగి లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. రోజంతా రాగి బిందె నీళ్లే తాగాల్సిన అవసరం లేదు.

ప్లాస్టిక్ గురించి ఎక్కువ చెప్పను. దాని అణువులూ పొడవాటి గొలుసులే, ఆ గొలుసుల మధ్య బలహీనమైన ఆకర్షణే దాన్ని మెత్తగా ఉంచుతుంది. పొగలు కక్కే సాంబారు పలచటి కవర్లో కట్టిస్తే ఆ గొలుసులు వదులవుతాయి, అందులో కలిసిన సరుకు కూరాకులోకి దిగే వీలుంటుంది. పార్శిలు తేవడానికి స్టీలు క్యారియరు పట్టుకుపోండి.

కొనేటప్పుడు చూడాల్సినవి

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని చాలామంది నమ్ముతారు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకానికి అంటుకోని మాట నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు పోసిన చవక 202 రకానికీ అంటుకోదు. కాబట్టి ఆ పరీక్ష సరిపోదు, అడుగున కొట్టిన 304 లేదా 18/8 గుర్తు చూడండి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకు తద్విరుద్ధంగా అయస్కాంతం అంటుకునే అడుగే కావాలి. స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఆ గుర్తు అడిగి చూడండి.

కుక్కరు విషయం ఒక్కమాట. ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతాయి, పప్పు తొందరగా ఉడుకుతుంది. 850 మీటర్ల పైచిలుకు ఎత్తున్న తిరుమల మీద మూత లేని గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, అక్కడ కాపురముండేవాళ్లకు కుక్కరు ఇంకా అవసరం. పప్పులోనే టమాటా, చింతపండు వేసి ఉడికించే అలవాటుంటే స్టీలు కుక్కరు తీసుకోండి, ఒట్టి పప్పూ అన్నమూ అయితే సత్తు కుక్కరు చాలు.

డబ్బులు తక్కువుండి ఒక్కొక్కటిగా కొనుక్కునేవాళ్లు ముందు అల్యూమినియం పొదిగిన అడుగున్న స్టీలు గిన్నె ఒకటి తీసుకోండి, సగం వంటలు దాంట్లో గడిచిపోతాయి. తర్వాత ఇనప పెనం. ఆ తర్వాత పులుసుకొక మట్టిచట్టి, అది ఎట్లాగూ చవకే. సంగటి రోజూ తినే ఇల్లయితే మందపాటి సత్తు గిన్నెను రెండో స్థానానికి జరపండి. పాత ఇత్తడి సామాను ఇంట్లో ఉంటే తూకానికి వేయకండి, కళాయి పెట్టించి పొంగలికి వాడుకోండి. పొంగల్లో పులుపు లేదు, ఇత్తడి అడుగు వేడిని చక్కగా పరుస్తుంది.